బరువైన రూఫ్‌టాప్ టెంటును ఇంటి దగ్గరే బండి పైకి ఎక్కించడం ఎలా?

బండి కప్పు మీద బిగించుకుని, ఆగిన చోట తెరిచి లోపల పడుకునే రూఫ్‌టాప్ టెంటు కొన్నవారు, కొనబోతున్నవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. టెంటు ఎలాంటిది కొనాలన్నది కాదు. పార్సిల్ లారీ వాళ్ళు గేటు దగ్గర దించి వెళ్ళిపోయిన 60, 70 కిలోల పెట్టెను మనిషి తలకన్నా ఎత్తున ఉన్న కప్పు మీదికి ఎలా చేర్చాలన్నదే. బిగించే మనిషి మీ ఊళ్ళో దొరకకపోవచ్చు, క్రేన్ పిలిచేంత పనీ కాదు. ముగ్గురు మనుషులు, రెండు సరుగుడు బాదులు, ఒక పూట సమయం ఉంటే ఇంటి ముందే ఈ పని క్షేమంగా పూర్తవుతుంది.

ఈ పనిలో గుర్తుంచుకోవలసినది ఒకటే: టెంటును మోయకూడదు, ఆనించి జరపాలి. నేల నుంచి లేచింది మొదలు కప్పు మీద అడ్డంగా బిగించి ఉండే క్రాస్‌బార్ల మీద కూర్చునే దాకా దాని బరువులో ఎక్కువ భాగం ఏదో ఒక గట్టి ఆధారం మీద ఉండాలి తప్ప మనుషుల చేతుల్లో ఉండకూడదు. నేను మొదటిసారి ఇది తెలియక నలుగురిని పిలిచి, వెనక డిక్కీ వైపు నుంచి ఎత్తించాను. టెంటు సగం పైకి చేరాక ముందున్న మనిషి "ఆపు" అన్నాడు; వెనకున్నతనికి అది "జరుపు" అని వినిపించింది. అతను తోశాడు, ముందువాళ్ళ పట్టు తప్పింది, డిక్కీ పైన ఉండే స్పాయిలర్ ఎండు కొబ్బరి చిప్ప పగిలినట్టు టప్పుమని విరిగింది. ఎవరి వేళ్ళూ నలగకపోవడం అదృష్టం. కింద రాసిన పద్ధతిలో చాలా జాగ్రత్తలు ఆ సాయంత్రం నుంచి పుట్టినవే.

ముందుగా చూసుకోవలసిన అంకెలు

బండి మాన్యువల్‌లో కప్పు మీద మోయదగిన బరువు ఎంతో రాసి ఉంటుంది. అది బండి నడుస్తున్నప్పటి పరిమితి, అందులో క్రాస్‌బార్ల బరువు కూడా కలిసే ఉంటుంది. ఉదాహరణకు పరిమితి 75 కిలోలు, బార్లు 6 కిలోలు, టెంటు 64 కిలోలు అయితే మొత్తం 70 అవుతుంది. మిగిలిన 5 కిలోల్లో పరుపు పైన మరో దుప్పటి పెట్టవచ్చేమో గాని గ్యాస్ పొయ్యి, కుర్చీలు పైన కట్టడానికి వీలు లేదు. క్రాస్‌బార్లు తయారుచేసినవారు కూడా తమ అంకె ఒకటి ఇస్తారు. బండిది, బార్లది పక్కపక్కన పెట్టి ఏది తక్కువైతే అదే మీ పరిమితి అనుకోవాలి. బండి ఆగి ఉండి లోపల మనుషులు పడుకున్నప్పుడు కప్పు మోయగలిగే బరువు దీనికన్నా బాగా ఎక్కువ ఉంటుంది. ఆ లెక్కను ఎక్కించే పనితో కలపకండి.

రూఫ్ రెయిల్స్ విషయంలో మోసపోవద్దు. మన దగ్గర అమ్మే చాలా బండ్లకు పైన కనిపించే రెయిల్స్ అందానికి అతికించినవి మాత్రమే. మాన్యువల్‌లో వాటికి బరువు అంకె ఇవ్వకపోతే అవి అలంకారమేనని భావించి, తలుపు చట్రానికి గాని, కప్పులో కంపెనీ ఇచ్చిన మౌంటింగ్ రంధ్రాలకు గాని బిగించే క్రాస్‌బార్లు తీసుకోండి. ఫైబర్ హార్డ్‌టాప్ ఉన్న బండ్లకు లోపల నుంచి ఇనుప చట్రం ఆధారం లేకుండా టెంటు పెట్టకూడదు.

ఇక ఎత్తు. స్కార్పియో-ఎన్ ఎత్తు 1857 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనర్ 1835. వీటి మీద బార్లు, మూసి ఉన్న టెంటు కలిసి మరో 35 నుంచి 40 సెంటీమీటర్లు పెరుగుతాయి. అంటే సుమారు 2.2 మీటర్లు, ఏడడుగుల పైమాటే. మీ గేటు పైన ఆర్చి, అపార్ట్‌మెంటు సెల్లార్‌లో అన్నింటికన్నా కిందికి దిగిన బీము, దానికి వేలాడే డ్రైనేజీ పైపు ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలవండి. ర్యాంపు దిగే చోట బండి ముందు చక్రాలు కిందికి దిగగానే వెనక భాగం లేస్తుంది కాబట్టి అక్కడ కనీసం పది సెంటీమీటర్లు అదనంగా ఉండాలి.

అమెరికాలో గ్యారేజీ ఉన్న మన వాళ్ళకు ఇదే చోట ఒక మాట చెప్పాలి. అక్కడి ఇళ్ళలో గ్యారేజీ తలుపు ఎత్తు మామూలుగా ఏడడుగులు, అంటే 2.13 మీటర్లు. లోపల హాయిగా టెంటు బిగించాక బండి బయటికి రాదు. బిగింపు అంతా తలుపు బయట, డ్రైవ్‌వేలోనే చేయండి.

కావలసినవి

రెండు సరుగుడు బాదులు, ఒక్కోటి 12 అడుగుల పొడవు, సన్నటి చివర కూడా మూడు అంగుళాలకు తగ్గనివి. ఇల్లు కట్టే చోట పరంజాకు వాడే బాదులు ఒక రోజుకు అడిగితే ఇస్తారు. పగుళ్ళు, పురుగు తొలిచిన గుర్తులు ఉన్నవి వద్దు. బాదులు దొరకకపోతే రెండు అల్యూమినియం నిచ్చెనలు వాడవచ్చు, అయితే మెట్ల మధ్య టెంటు తట్టుకుంటుంది కాబట్టి వాటి మీద పొడవాటి చెక్క పలకలు పరచాలి.

పాత బొంతలు లేదా దుప్పట్లు నాలుగు, నునుపైన పాత టార్పాలిన్ ఒకటి, వేలు లావు నైలాన్ తాడు 15 మీటర్లు, చక్రాల కింద పెట్టడానికి చెక్క దిమ్మలు లేదా రాళ్ళు, టేపు, రసమట్టం, రెండు గట్టి స్టూళ్ళు, టెంటుతో వచ్చిన బోల్టులకు సరిపడే స్పానర్లు. ఎక్కువ టెంట్లకు 8 మిల్లీమీటర్ల బోల్టులు వస్తాయి, వాటికి 13 నంబరు స్పానర్ రెండు కావాలి. ఒకటి నట్టుకు, ఒకటి బోల్టు తిరగకుండా పట్టడానికి. చేతులకు తోలు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు ఉండాలి. చెప్పులతో ఈ పనికి ఎవరినీ రానివ్వకండి.

మనుషులు కనీసం ముగ్గురు, నాలుగో మనిషి ఉంటే మేలు. ఆ నాలుగో మనిషి ఏమీ మోయకుండా దూరంగా నిలబడి చూస్తూ, మాట చెప్పే పని ఒక్కటే చేయాలి. మాటలు కూడా ముందే అనుకోండి: "పైకి", "కిందికి", "స్టాప్". ఇవి ఒకదానికొకటి పోలవు, ఎంత హడావిడిలోనూ వేరుగా వినిపిస్తాయి. ఎవరు "స్టాప్" అన్నా అందరూ ఆగాలి.

ఎక్కించే పద్ధతి

1. టెంటును నేల మీద ఒకసారి తెరవండి. వరండాలోనో, శుభ్రంగా ఊడ్చిన గచ్చు మీదో పట్టా పరిచి, పూర్తిగా విప్పి చూడండి. జిప్పులు, కడ్డీలు, గుడ్డ కుట్లు, బోల్టుల సంచి అన్నీ ఉన్నాయో లేదో ఇప్పుడే తెలియాలి. పైకి ఎక్కించాక లోపం బయటపడితే మళ్ళీ దించడం రెట్టింపు పని. ఇదే సమయంలో పరుపును, విడదీయడానికి వీలున్న నిచ్చెనను బయటికి తీసి పక్కన పెట్టండి. రెండూ కలిసి పది కిలోల పైనే తగ్గుతుంది. 64 కిలోల టెంటు 50 కిలోల దగ్గరికి వచ్చిందంటే పని స్వభావమే మారుతుంది.

2. అడుగున ఉండే మౌంటింగ్ ఛానళ్ళు బిగించి ఉన్నాయో చూడండి. కొన్ని టెంట్లకు ఈ అల్యూమినియం పట్టాలు విడిగా వస్తాయి. వాటిని నేల మీదే బిగించాలి. బార్లను పట్టే బోల్టులు, పలకలు మాత్రం ఇప్పుడు పెట్టకండి. అవి కిందికి పొడుచుకు వచ్చి బాదులకు తట్టుకుంటాయి, జారితే కప్పును గీకేస్తాయి. తరువాత వాటిని ఛానల్ చివరి నుంచి లోపలికి జరిపి చేర్చవచ్చు.

3. టెంటు ఎటు తెరుచుకోవాలో ఇప్పుడే నిర్ణయించండి. మన దేశంలో బండ్లు ఎడమ వైపు నడుస్తాయి కాబట్టి పక్కకు తెరుచుకునే టెంటును ఎడమ వైపుకు, అంటే వాహనాలు పోని వైపుకు తెరుచుకునేలా పెట్టడం మంచిది. రోడ్డు పక్కన ఆగినప్పుడు నిచ్చెన దిగేది పొలం గట్టు వైపు ఉండాలి గాని లారీలు పోయే వైపు కాదు. పైకి చేరాక దిశ మార్చాలని టెంటును తిప్పడమే కప్పు మీద గీతలు పడటానికి అతి పెద్ద కారణం. మాస్కింగ్ టేపు ముక్క మీద "ముందు" అని రాసి టెంటు అంచుకు అంటించండి.

4. క్రాస్‌బార్లను సరిచూడండి. రెండు బార్ల మధ్య దూరం టెంటు తయారీదారు చెప్పినంత ఉండాలి. ఏమీ చెప్పకపోతే 80 సెంటీమీటర్లకు తగ్గకుండా, బండి అనుమతిస్తే మీటరు దాకా పెట్టండి. తరువాత పునాది గుర్తులు పెట్టేటప్పుడు మేస్త్రీలు చేసే పనే మీరూ చేయండి: ముందు బారు ఎడమ చివర నుంచి వెనక బారు కుడి చివరకు, అలాగే రెండో మూల నుంచి మూలకు టేపు పట్టండి. రెండు కొలతలూ అర సెంటీమీటరు లోపు కలిస్తే బార్లు మూల మట్టానికి ఉన్నట్టు. కలవకపోతే టెంటు అడుగున ఛానళ్ళు వంకరగా కూర్చుని, బోల్టులు ఎంత బిగించినా దారిలో వదులవుతాయి. కప్పు వెనక ఉండే షార్క్ ఫిన్ యాంటెన్నా బార్ల పైభాగం కన్నా కిందే ఉందో లేదో కూడా ఇప్పుడే చూడండి.

5. బండిని సమతలమైన నేల మీద, ఒక పక్కన కనీసం పదిహేను అడుగుల ఖాళీ ఉండేలా నిలపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, నాలుగు చక్రాలకూ దిమ్మలు పెట్టండి. పక్క నుంచి తోసేటప్పుడు బండి స్ప్రింగుల మీద ఊగుతుంది, అది సహజం, దొర్లకూడదు. ఎక్కించే వైపు అద్దాన్ని లోపలికి మడవండి. సన్‌రూఫ్ మూసి, దాని మీద ఒక బొంత పరచండి.

6. బాదులను డిక్కీ వైపు నుంచి కాకుండా పక్క నుంచి వేయండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వెనక బారుకు, డిక్కీ అంచుకు మధ్య సాధారణంగా అర మీటరు పైనే దూరం ఉంటుంది. నేల నుంచి వెనక బారుకు బాదు వేస్తే అది బారును తాకేలోపే స్పాయిలర్ మీద ఆనుతుంది, బరువంతా ఆ ప్లాస్టిక్ మీద పడుతుంది. పక్క నుంచి అయితే బార్ల చివరలు కప్పు అంచు దాకా వచ్చి ఉంటాయి కాబట్టి బాదు బండి ఒంటికి తగలకుండా నేరుగా బారు మీద కూర్చుంటుంది. ముందు బారుకు ఒకటి, వెనక బారుకు ఒకటి. నేల మీద బాదు మొదలు తలుపు నుంచి సుమారు తొమ్మిది అడుగుల దూరంలో ఉంటుంది. పై చివర బారు దాటి ఒక జానెడు లోపలికి ఉండాలి. అక్కడ బాదును బారుకు నైలాన్ తాడుతో ఎనిమిది ఆకారంలో చుట్టి బిగించండి. నేల మీది చివర వెనక్కి జారకుండా ఒక బరువైన రాయి గాని, గోడ గాని ఆధారంగా ఉంచండి. బాదులు, తలుపుల మధ్య ఒక బొంత వేలాడదీయండి. అన్నీ అయ్యాక ఒక్కో బాదు మధ్యలో ఒక మనిషి తన బరువంతా మోపి చూడాలి. కొద్దిగా వంగవచ్చు, చిటపట శబ్దం రాకూడదు.

7. టెంటును బాదుల మొదట్లోకి తెచ్చి, బండికి సమాంతరంగా, "ముందు" అని రాసిన వైపు బండి ముందుకు ఉండేలా ఆనించండి. టార్పాలిన్‌ను మడిచి బాదుల మీద పరిస్తే అడుగు ఛానళ్ళు చెక్కకు పట్టుకోకుండా జారుతాయి. టెంటు కింది అంచు చుట్టూ రెండు చోట్ల తాడు వేసి, ఆ తాళ్ళను కప్పు మీదుగా అవతలి వైపుకు పంపండి. అవతల స్టూలు మీద నిలబడిన మనిషి ఒక్కో తాడును ఆ వైపు ఒక్కో బారు కాలికి, అంటే బారును కప్పుకు పట్టి ఉంచే భాగానికి, ఒక చుట్టు తిప్పి పట్టుకోవాలి. ఒక్క చుట్టు ఉంటే చాలు, ఒక చేత్తో కూడా టెంటు వెనక్కి జారకుండా ఆపగలడు. టెంటు కవరుకు ఉండే జిప్పులకు, సన్నటి పట్టీలకు తాడు కట్టవద్దు. అవి కుట్టు దగ్గర ఊడి వస్తాయి.

8. ఇప్పుడు ఇద్దరు కింద నుంచి, ఒక్కొక్కరు ఒక బాదుకు బయటి పక్కన నిలబడి, మోకాళ్ళు వంచి అరచేతులతో తోయాలి. మూడో మనిషి తాడు బిగువు వదలకుండా లాగుతూ ఉండాలి. ఒక్కసారికి అడుగు మాత్రమే. "పైకి" అనగానే తోసి, "స్టాప్" అనగానే తాడు బిగించి, ఊపిరి తీసుకుని, రెండు చివరలూ సమానంగా ఉన్నాయో చూసి మళ్ళీ తోయండి. 50 కిలోల టెంటును ఈ వాలు మీద జరపడానికి రాపిడితో కలిపి 40 కిలోల బలం సరిపోతుంది. దాన్ని ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి పడేది సుమారు 13 కిలోలే. ఎవరూ ఏ దశలోనూ రెండు బాదుల మధ్య, టెంటు కిందుగా నిలబడకూడదు. టెంటు జారడం మొదలైతే ఆపబోవద్దు, పక్కకు తప్పుకోండి. టెంటు బాగవుతుంది, నలిగిన వేలు బాగవదు.

9. పై అంచు బారును దాటి టెంటు సగం పైకి వచ్చాక అది ఒక్కసారిగా వాలు నుంచి సమతలానికి ఒరుగుతుంది. ఈ క్షణంలో కింద ఉన్నవాళ్ళు వెలుపలి అంచును కిందికి అదిమినట్టు పట్టుకుని, మెల్లగా వదలాలి. వదిలేస్తే ఛానళ్ళు బార్ల మీద దబ్బున పడి బారుకు సొట్ట పడుతుంది. పూర్తిగా ఒరిగిన తరువాత స్టూళ్ళు ఎక్కి, రెండు చివరల నుంచి మధ్యకు జరపండి. బాదుల తాళ్ళు విప్పి, అటు అంచును వేలెడు ఎత్తి పట్టుకుంటే బాదులు బయటికి లాగవచ్చు.

బాదులు వేయడానికి చోటు లేకపోతే

ఇంటి అరుగు రెండు మూడు అడుగుల ఎత్తున్నవారికి సగం పని ముందే అయిపోయినట్టు. పార్సిల్ బండి వచ్చినప్పుడే టెంటును నేల మీద కాకుండా అరుగు మీదికి దించించుకోండి. తరువాత మీ బండిని అరుగు పక్కనే నిలిపితే ఎక్కించవలసిన ఎత్తు మూడు, నాలుగు అడుగులే ఉంటుంది, ఎనిమిది అడుగుల బాదులు సరిపోతాయి. నేను ఇప్పుడు ప్రతిసారీ ఇలాగే చేస్తున్నాను.

నలుగురు బలమైన మనుషులు ఉంటే గట్టి బల్ల సాయంతో కూడా ఎక్కించవచ్చు. ముందు బల్ల మీదికి, అక్కడ కాస్త ఆగి, ఒక అంచును బార్ల మీదికి, ఆ తరువాతే రెండో అంచును. ఒక అంచు బారు మీద ఆనితే చేతుల్లో మిగిలేది సగం బరువే. తిన్నగా నేల నుంచి తలపైకి ఒకే ఊపులో ఎత్తాలని మాత్రం చూడకండి.

చైన్ పుల్లీ గురించి చాలామంది అడుగుతారు. ఇది మంచి సాధనమే, ఒక్కరే చేయి నొప్పి లేకుండా ఎత్తగలరు. అయితే ఎత్తు లెక్క చూడండి: బార్లు 1.95 మీటర్ల దగ్గర, టెంటు మందం 30 సెంటీమీటర్లు, బెల్టులకు 40, పుల్లీకి మరో 35. మొత్తం మూడు మీటర్లు. పదడుగుల స్లాబు ఉంటే గాని కుదరదు, సెల్లార్ పార్కింగులో అసలు కుదరదు. ఫ్యాను కొక్కేనికి ఎట్టి పరిస్థితిలోనూ తగిలించకండి. ఉయ్యాల బల్లకు బీములో వేసిన కొక్కేలు ఉంటే, అవి బీము ఇనుప చువ్వలకు చుట్టి కాంక్రీటులో పోసినవేనని కట్టిన మేస్త్రీ చెబితే, ముందుగా మూడు సిమెంటు బస్తాలు, అంటే 150 కిలోలు, నేలకు జానెడు ఎత్తులో ఒక గంట వేలాడదీసి చూడండి. కొక్కెం చుట్టూ సన్నటి పగులు గాని, రాలిన సున్నం గాని కనబడితే ఆ ఆలోచన మానుకోండి. టెంటుకు వెడల్పాటి లిఫ్టింగ్ బెల్టులు రెండు, ప్రతి చివర నుంచి నాలుగో వంతు లోపలికి వేయాలి. పైకి లేచాక బండిని దాని కిందికి అంగుళం అంగుళంగా వెనక్కి తేవాలి. ఆ సమయంలో డ్రైవరు తప్ప ఎవరూ దగ్గర ఉండకూడదు. బోరు మోటార్లు తీసేవాళ్ళ ముక్కాలి స్టాండు ఇందుకు పనికిరాదు, దాని కాళ్ళ మధ్య బండి పట్టదు. తలుపు ఎత్తు సరిపోయే అమెరికా గ్యారేజీలో కప్పుకు కొక్కెం బిగించేవారు అది తెల్లటి పలకలోకి కాకుండా దాని పైనున్న చెక్క దూలంలోకే దిగిందని తప్పక చూసుకోవాలి.

బిగింపు

10. టెంటు బార్ల మీద చేరాక ఎడమ, కుడి మిగులు రెండూ టేపుతో కొలిచి సమానం చేయండి. తరువాత డిక్కీని పూర్తిగా పైకి తెరిచి చూడండి. టెంటు వెనక అంచుకు, తెరిచిన డిక్కీకి మధ్య మూడు వేళ్ళ సందు ఉండాలి, లేకపోతే టెంటును ముందుకు జరపండి. బిగించాక ఇది తెలిస్తే మళ్ళీ అన్నీ విప్పాలి.

11. బోల్టులను ఛానళ్ళలోకి జరిపి, పలకలు బారుకు అడుగున పెట్టి, నాలుగు చోట్లా నట్లను చేత్తో తిరిగినంత వరకు మాత్రమే తిప్పండి. స్టెయిన్‌లెస్ బోల్టులైతే మరలకు ఒక చుక్క గ్రీజు రాయండి. పొడిగా బిగిస్తే మర కరుచుకుపోయి తరువాత కోసి తీయవలసి వస్తుంది. అన్నీ కూర్చున్నాక కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురు మూలల వరసలో, కొద్దికొద్దిగా బిగించండి. మాన్యువల్‌లో టార్కు అంకె, అంటే ఎంత బలంతో బిగించాలో చెప్పే అంకె, ఉంటే మెకానిక్ దగ్గర టార్కు రెంచి అడిగి తెచ్చుకుని అంతే బిగించండి. అది లేకపోతే పొట్టి స్పానర్‌తో గట్టిగా బిగిసిన తరువాత మరో పావు చుట్టు చాలు. స్పానర్‌కు పైపు తొడిగి బలం పెంచకండి. అల్యూమినియం బారు నొక్కుకుపోతుంది, నొక్కుకుపోయిన బారు మీద పలక ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. నైలాన్ చుట్టు ఉన్న లాక్ నట్లు ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది, కొత్తవి వేయండి.

12. పరుపు, నిచ్చెన తిరిగి పెట్టి టెంటును బండి మీదే ఒకసారి తెరిచి, మూసి చూడండి. కవరు పట్టీల వేలాడే కొసలను లోపలికి దోపండి. గాలికి అవి కప్పును కొట్టుకుంటూ రంగు అరగదీస్తాయి.

సరిగ్గా బిగిసిందని ఎలా తెలుస్తుంది?

టెంటు మూలను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. బండి మొత్తం స్ప్రింగుల మీద ఊగాలి. బండి నిలకడగా ఉండి టెంటు మాత్రం కదిలితే బోల్టులు వదులు. టెంటు, బారు కలిసి కదిలితే తప్పు బోల్టులది కాదు, బార్ల కాళ్ళది. ఈ తేడా తెలియక చాలామంది టెంటు నట్లనే మళ్ళీ మళ్ళీ బిగించి బార్లను పాడుచేసుకుంటారు.

టెంటు అడుగుకు, కప్పుకు మధ్య నాలుగు మూలలా అరచేయి దూర్చి చూడండి. చేయి దూరని చోట కుదుపులకు టెంటు కప్పును తాకుతుంది. అలాంటి చోట ఎత్తైన బారు కాళ్ళు వేయాలి తప్ప రబ్బరు ముక్క దూర్చి సరిపెట్టకూడదు.

చివరి బిగింపు అయ్యాక ప్రతి నట్టు మీదుగా కింది పలక దాకా గోళ్ళ రంగుతో ఒక సన్నటి గీత గీయండి. ముదురు ఎరుపు అయితే బాగా కనిపిస్తుంది. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండుగా విడిపోతుంది, స్పానర్ తీయకుండానే వంగి చూస్తే తెలిసిపోతుంది.

మొదటిరోజు పది కిలోమీటర్లు, ఊరి లోపలే నడపండి. స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా వెళ్ళి, శబ్దాలు వినండి. ఈల లాంటి శబ్దం బార్ల మీదుగా పోయే గాలిది, భయం లేదు. టకటక శబ్దం వస్తే ఆగి చూడాలి. పది కిలోమీటర్ల తరువాత ఒకసారి, 50 కిలోమీటర్ల తరువాత ఒకసారి గీతలు చూడండి. కొత్త బిగింపు ఒకసారి సర్దుకోవడం మామూలే, అప్పుడు నట్లన్నీ కొద్దిగా బిగించి, పాత గీత తుడిచి కొత్తది గీయండి. ఆ తరువాత ప్రతి ప్రయాణానికి ముందు చూస్తే సరిపోతుంది. మలుపుల్లో బండి ఇదివరకటి కన్నా ఎక్కువ ఒరుగుతుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది, కాబట్టి మారేడుమిల్లి, లంబసింగి వైపు వెళ్ళేవారు వేగం ముందే తగ్గించుకోవాలి.

ఇక బండిని నేల మీద నిలిపి, టెంటు పైభాగం దాకా ఎత్తు మళ్ళీ ఒకసారి టేపుతో కొలవండి. మనం ముందు వేసిన లెక్కకు, అసలు కొలతకు నాలుగైదు సెంటీమీటర్ల తేడా రావచ్చు. ఆ అసలు కొలతను పెద్ద అంకెలతో కాగితం మీద రాసి డ్రైవరు ముందుండే సన్‌షేడ్‌కు అంటించండి. మాల్ సెల్లార్ ముందు, రైల్వే అండర్‌బ్రిడ్జి ముందు ఎత్తు బోర్డు కనబడినప్పుడు చూడవలసింది ఆ కాగితాన్నే.